పాలపిన్ని అడగని మంచం

మా ఆసుపత్రిలో పాలపిన్నికి అసలు పేరు ఒకటుందని హాజరు వేసే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ ఆవిడ పిన్నే. నిజానికి నాకంటే చిన్నది. ఒకసారి నాకు తిక్క పుట్టి, "నీకంటే ముందు పుట్టినదాన్ని, నేను నిన్ను పిన్నీ అనడమేమిటి, నువ్వే నన్ను అక్కా అను" అన్నాను. "అలాగే సిస్టరమ్మా" అంది. ఆ తర్వాత నేనా ప్రయత్నం మానుకున్నాను.

నేను ఇక్కడ నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుకు పెద్ద సిస్టర్ని. నా నోటికి భయపడి కుర్ర డాక్టర్లు చెప్పులు బయట విప్పి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని మరీ లోపలికొస్తారు. నాకు మెత్తగా మాట్లాడటం రాదు. మెత్తగా మాట్లాడేవాళ్ళని భరించే ఓపికా లేదు. పిన్ని ఒక్కతే మినహాయింపు. ఆవిడ గదికీ నా వార్డుకీ మధ్య ఒక తలుపే అడ్డం. అటువైపు పాల బ్యాంకు, ఇటువైపు ఆ పాల కోసం నోరు తెరిచే నా పిల్లలు.

పాల బ్యాంకంటే పెద్ద విశేషమేమీ లేదు. బిడ్డకు పట్టగా మిగిలిన పాలను తల్లుల దగ్గర తీసుకుని, కాచి, చల్లార్చి, పరీక్షకు పంపి, గడ్డకట్టించి దాచే గది. తల్లి స్పృహలో లేని పిల్లలకు, తల్లికి ఇంకా పాలు పడని పిల్లలకు అవే దిక్కు. గుప్పెడంత పిల్లల పేగులకు డబ్బాపాలు పడవు. పడకపోతే కడుపు ఉబ్బుతుంది, ఆ తర్వాత మేం చేయగలిగేది తక్కువ.

ఇది కాన్పుల ఆసుపత్రి, పైగా చదువు చెప్పే ఆసుపత్రి. రాజధానిలో ఉంది కాబట్టి ఏ ఊళ్ళో కేసు బరువెక్కినా బండెక్కించి ఇక్కడికే పంపిస్తారు. ఇక్కడ కనడమంటే పదిమంది ముందు పరీక్ష రాయడమే. తల్లి నొప్పులు పడుతుంటే కాళ్ళ దగ్గర తెల్లకోట్ల పిల్లలు వరసగా నిలబడి రాసుకుంటూ ఉంటారు. ఒకావిడ పళ్ళు బిగబట్టి, "నాయనా, మీ రాతలయ్యాక ఒక మాట చెప్పండి, అప్పుడు కంటాను" అంది. ఆ పిల్లలు అది కూడా రాసుకున్నారు.

పిన్ని మొదట్లో మా ఆసుపత్రి వంటశాలలో ఉండేది. పొద్దున్నే పెద్ద క్యాను మోసుకొచ్చి, బాలింతల వార్డులో పాలూ రొట్టే పంచేది. పాలపిన్ని అన్న పేరు అప్పటిది. పాల బ్యాంకు పెట్టినప్పుడు తల్లులతో మాట్లాడటానికి ఒక చదువుకున్న అమ్మాయిని వేశారు. బాగానే చేసేది. కొన్నాళ్ళకు ఆ అమ్మాయే కాన్పుకు సెలవు పెట్టింది. ఆమె తిరిగొచ్చేదాకా చూడమని పిన్నిని పంపారు. ఆ అమ్మాయి తిరిగొచ్చి వేరే విభాగం అడిగి తీసుకుంది, పిన్ని ఇక్కడే స్థిరపడిపోయింది. "అప్పట్లో పోసిన పాలన్నీ ఇప్పుడు వసూలు చేస్తున్నాను" అంటుంది.

భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఒక కూతురు, కాలేజీలో చదువుతోంది. ఇంట్లో పాలు కాచే పని మాత్రం ఆయనదే. "పొద్దస్తమానం పాలతోనే నా కాపురం, ఇంటికొచ్చి మళ్ళీ ఆ గిన్నె మొహం చూడలేను" అని పిన్ని పెళ్ళయిన మనిషి చెప్పకూడని మాట ధైర్యంగా చెప్పేసింది. ఆయన పరధ్యానం మనిషి. మిషను తెరిచి ముందేసుకుంటే పొయ్యి మీద ఏముందో గుర్తుండదు. పాలు పొంగి పొయ్యి పాలైతే పిన్నికి ఒళ్ళు మండిపోతుంది. "చెంచాడు పాల కోసం అక్కడ పసివాళ్ళు..." అని మొదలుపెట్టగానే ఆయన గుడ్డ తీసుకుని పొయ్యి తుడవడం మొదలుపెడతాడట. వాళ్ళ కాపురంలో నేను విన్న తగాదా ఇదొక్కటే.

పొద్దున డాక్టర్ల రౌండు అయిపోగానే పిన్ని తన చక్రాల బండి తోసుకుంటూ బాలింతల వార్డులోకి వస్తుంది. బండిలో మూతల సీసాలు, పాలు తీసే చిన్న మిషను, ఉడకబెట్టిన గుడ్డలు. ప్రతి మంచం దగ్గరా ఆగుతుంది. పాలమాట వెంటనే ఎత్తదు. తిన్నావా, కాస్త కునుకు పట్టిందా, కుట్లు లాగుతున్నాయా, మీ ఆయన వచ్చాడా లేక బయట చెట్టుకింద నిలబడి ఫోన్లో అందరికీ తనే కన్నట్టు చెప్పుకుంటున్నాడా అని అడుగుతుంది. తల్లి నవ్వాక అసలు సంగతి. తీస్తే తన బిడ్డకు తక్కువవుతాయేమోనని భయపడేవాళ్ళే ఎక్కువ. "బావిలో నీళ్ళు తోడితే అడుగంటుతాయా, ఊరతాయా? నీ బిడ్డ తాగాకే ఇద్దువు. మిగలకపోతే లేదు, నేనేమైనా అలిగి వెళ్తానా" అంటుంది. ఇవ్వనన్నవాళ్ళ మీద ఏ కోపమూ ఉండదు, మర్నాడు మళ్ళీ అడుగుతుంది. "అడగనిదే అమ్మయినా పెట్టదన్నారు. నేను అడిగేదే అమ్మల్ని, నాకు సిగ్గేమిటి" అనేది.

అందరినీ అడిగే ఈ మనిషి కొన్ని మంచాలను మాత్రం అడిగేది కాదు.

బిడ్డ పోయిన తల్లి మంచం చుట్టూ మా వార్డులో ఆకుపచ్చ తెర వేస్తారు. అలాంటివాళ్ళకు వేరే గది ఇవ్వాలని పెద్దలు ఎప్పటినుంచో అనుకుంటున్నారు, గదులే లేవు. చుట్టూ పిల్లలు ఏడుస్తుంటే, పాలు తాగుతుంటే, చుట్టాలు వచ్చి ముద్దులాడుతుంటే, తెర వెనక ఆ తల్లి పడుకుని వింటూ ఉంటుంది. పిన్ని ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకసారి తెర వేయడం ఆలస్యమైంది. సంగతి తెలియక ఆ తల్లిని కూడా అందరిలాగే పాలు అడిగింది. ఆమె గోడవైపు తిరిగి పడుకుందట. "రెండు తిట్లు తిట్టినా ప్రాణానికి హాయిగా ఉండేది సిస్టరమ్మా" అని పిన్ని చాలాసార్లు అంది. అప్పట్నుంచి తెర కనిపిస్తే చాలు, బండి ముందు చక్రాలు పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా దాటేసేది. ఆ బండి చక్రాలకు కిర్రుమనే జబ్బు ఉంది. నూనె వేయించుకోవే అంటే వేయించింది. అయినా ఎత్తడం మానలేదు. సీసాలతో నిండిన బండిని అలా ఎత్తి ఎత్తి కుడి భుజం నొప్పి తెచ్చుకుంది.

ఇప్పుడావిడ ఏ తెరనూ దాటిపోదు. బయట ఆగి, లోపలికి రావచ్చా అని అడుగుతుంది. కొందరు రమ్మంటారు, కొందరు వద్దంటారు, ఒకావిడ గ్లాసు విసిరింది కూడా. ఈ మార్పు ఎలా వచ్చిందో చెప్పాలంటే కండక్టరమ్మాయి సంగతి చెప్పాలి.

ఆ వారం వార్డులో జలుబు జ్వరం పాకింది. జ్వరం ఉన్న తల్లి పాలు బ్యాంకులోకి తీసుకోరు. పిన్ని బండి వెళ్ళినంత తేలిగ్గానూ తిరిగొస్తోంది. సరిగ్గా అప్పుడే నా దగ్గర కవలలున్నారు. ఒక్కొక్కరు అరచేతిలో పట్టేంత. వాళ్ళమ్మకు కాన్పులో రక్తం ఆగక ఆపరేషను చేశారు, పై అంతస్తులో ఇంకా కళ్ళు తెరవలేదు. ఆ పిల్లలు బతికారు, తల్లీ బతికింది. ముందే చెప్పేస్తున్నాను, ఉత్కంఠ పెట్టి చెప్పడం నాకు చేతకాదు. కానీ ఆ రోజుకు ఆ సంగతి నాకు తెలియదు కదా. పాలు దాచే పెట్టెలో అడుగు కనిపిస్తోంది. ఇవాళ తీసిన పాలు పరీక్షలు దాటి పిల్లల నోటికి చేరడానికి రెండు రోజులు పడుతుంది. కాబట్టి నేను ఎల్లుండి గురించి ఇవాళే భయపడాలి.

కండక్టరమ్మాయి సిటీ బస్సులో పనిచేస్తుంది. తొలి కాన్పు, ఆపరేషను చేసి బిడ్డను తీశారు. నెలలు నిండని ఆడపిల్ల. నా వార్డులోనే ఉంది, నా చేతుల్లోనే పోయింది. తల్లిని ఒక్కసారి చక్రాల కుర్చీలో తీసుకొచ్చి అద్దం బయట నుంచి చూపించాం. పోయాక చేతికిద్దామంటే అత్తగారు ఒప్పుకోలేదు. "చూస్తే జన్మలో మరిచిపోలేదు. పచ్చి బాలింత, వద్దు తల్లీ" అని కొడుకు చేతికి ఇప్పించి పంపేసింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కోడలి మంచం దగ్గర్నుంచి కదలకుండా సేవ చేస్తోంది. తల దువ్వేది, కాళ్ళు పట్టేది. చుట్టాలెవరొచ్చినా తెర బయటే ఆపి, "ఆ మాట మాత్రం ఎత్తకండి" అని చెప్పి లోపలికి పంపేది. వాళ్ళు ఎండల గురించీ, ఇంటి నీళ్ళ గురించీ మాట్లాడి వెళ్ళిపోయేవాళ్ళు.

బిడ్డ పోయిన మర్నాడు ఆ అమ్మాయికి పాలు పడ్డాయి. ఒంటికి ఎవరు కబురు చెబుతారు? రొమ్ములు రాళ్ళలా గట్టిపడి ఒకటే సలుపు. పాలు ఆగిపోయేందుకు డాక్టరు మాత్ర రాసింది. ఇంకో రోజు గడిచాక సంగతి నా చెవిన పడింది. తలుపు తీసుకుని పిన్ని గదిలోకి వెళ్ళాను.

"తెర మంచంలో అమ్మాయికి పాలు దండిగా ఉన్నాయట. జ్వరం లేదు, రక్తపరీక్షలన్నీ శుభ్రంగా ఉన్నాయి. వెళ్ళి అడుగు" అన్నాను.

"నేనడగను సిస్టరమ్మా."

"కవలల సంగతి తెలుసుగా నీకు?"

"తెలుసు. మిగతా వార్డులన్నీ తిరిగి ఇంకో నలుగురి కాళ్ళు పట్టుకుంటాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని పాలిమ్మని అడిగే నోరు మాత్రం నాకు లేదు. మీకుంటే మీరే అడగండి."

"నోరుంది. కానీ నేనడిగితే అడిగినట్టుండదు, గద్దించినట్టుంటుంది."

"అదీ నిజమే" అంది.

నాకు ఒళ్ళు మండింది. మెతక మనుషుల పంతం మొండివాళ్ళ పంతం కంటే గట్టిది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటుంది, పైగా కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ అంటుంది. తలుపు గట్టిగా వేసి వచ్చేశాను.

మర్నాడు పొద్దున మా పిల్లల తల్లులను చూడటానికి బాలింతల వార్డుకు వెళ్ళాను. పిన్ని బండి తోసుకుంటూ వస్తోంది. తెర దగ్గరికి రాగానే అలవాటు ప్రకారం ముందు చక్రాలు ఎత్తింది. తెర వెనక నుంచి ఒక గొంతు లేచింది. కిటకిటలాడే బస్సులో ముందు మెట్టు మీద నిలబడి వెనక మెట్టు మీదివాణ్ణి పిలిచే గొంతు అది.

"ఏమండీ పాలావిడా! ఆగండాగండి!"

వార్డంతా తిరిగి చూసింది. తెర పక్కకు జరిగింది. ఆ అమ్మాయి ఒక చేత్తో పొత్తికడుపు పట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"రోజూ నా మంచం దగ్గరికొచ్చేసరికి బండి ఎత్తి పట్టుకుపోతున్నారు. నాకేమైనా చెవుడా? ఆ మంచం దగ్గర ఆగిపోయిన చప్పుడు ఈ మంచం దగ్గర మళ్ళీ మొదలైతే నాకు తెలీదా?"

పిన్ని బండి కింద పెట్టింది. "నిద్రపోతుంటావేమోనని..."

"నిద్రా! పక్కనామెను అడిగారు, అటుపక్కనామెను అడిగారు. జ్వరమొచ్చి మూలుగుతున్నామెను కూడా ఎలా ఉన్నావమ్మా అని పలకరించారు. నన్నెందుకడగరు?"

పిన్ని బండిలో సీసాల మూతలు సర్దడం మొదలుపెట్టింది.

"నేను కండక్టర్నండీ. కాలు పెట్టే చోటు లేకపోయినా టికెట్ టికెట్ అని ప్రతి మనిషినీ అడగాలి. పాసున్నవాణ్ణీ అడగాలి. ఒకర్ని అడక్కుండా దాటేశామంటే ఆ మనిషి బస్సులో లేనట్టే. నేనీ వార్డులో లేనా?"

అత్తగారు ఆమె భుజం పట్టుకుంది. "ఊరుకో తల్లీ. మాత్ర వేసుకున్నావుగా, రేపటికి తగ్గిపోతుంది."

"వేసుకోలేదత్తయ్యా." దిండు కిందికి చెయ్యి పోనిచ్చి, కాగితంలో చుట్టిన మాత్ర తీసి చూపించింది. "ఇది మింగితే ఉన్నది కూడా పోతుంది. ఈవిడ అడుగుతారేమో చూద్దామని ఆగాను. ఇవాళ సాయంత్రం ఇంటికి పంపేస్తారట. ఇవాళ కూడా దాటిపోతుంటే ఇంకేం చెయ్యను?"

"నీకే ఓపిక లేదు, నొప్పి మీద నొప్పి ఎందుకే?"

"నొప్పి ఎలాగూ ఉందిగా అత్తయ్యా."

పిన్ని నా వైపు చూసింది. "అడుగు" అన్నాను. పిన్ని వెళ్ళి మంచం అంచున కూర్చుంది. "అమ్మా, మా పిల్లలకు నీ పాలిస్తావా?" అంది. ఎన్ని వేలసార్లు అడిగిన మాటో అది.

"ఇస్తాను" అంది ఆ అమ్మాయి వెంటనే.

తీరా మిషను పెడితే పాలు రాలేదు. అంత గట్టిపడ్డ రొమ్ము తేలిగ్గా వదలదు. పైగా మనసు బిగుసుకుంటే పాలు చేపవు. పిన్ని వేడినీళ్ళ గుడ్డ వేసింది, మునివేళ్ళతో నెమ్మదిగా నిమిరింది, మళ్ళీ మిషను పెట్టింది. అది గుర్రుగుర్రుమని లాగుతోంది, సీసా అడుగున తడి కూడా లేదు. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. ఇందాకటి గొంతు ఎటు పోయిందో, "నావి పనికిరావా పిన్నీ?" అంది. ఉన్నది చెప్తున్నాను, ఆ నిమిషాన నాకు కవలలు గుర్తే లేరు. ఈ పిల్ల ఇక్కణ్ణుంచి ఈ మాటతో మాత్రం ఇంటికి వెళ్ళకూడదని అనుకున్నాను, అంతే.

పాలు చేపకపోతే ఏ తల్లినైనా పిన్ని అడిగే మాట ఒకటుంది. బిడ్డ తలపుకొస్తే పాలు వాటంతటవే వస్తాయి కాబట్టి ఆ మాట అడుగుతుంది. అది ఆవిడకు ఎంత అలవాటైందంటే, చేతులు పనిలో ఉంటే నోరు దానంతటదే అనేస్తుంది. అప్పుడూ అనేసింది.

"పాపకి ఎవరి పోలికమ్మా?"

అన్నాక పిన్ని చెయ్యి ఆగిపోయింది. రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం మాటలవి!" అని అత్తగారు లేచి నిలబడింది. నాకు కూడా పిన్నిని అక్కణ్ణుంచి ఈడ్చుకుపోదామనిపించింది.

కండక్టరమ్మాయి ఏడవలేదు. ఆలోచించింది.

"తెలీదు పిన్నీ. ముక్కుకీ మూతికీ గొట్టాలేగా. కళ్ళకు గంతలు. అది కూడా అద్దంలోంచి" అంది. తర్వాత, "ఇంతవరకూ ఎవరూ అడగలేదు నన్ను" అంది.

అత్తగారు లేచినచోటే నిలబడి ఉంది.

"ముక్కు మావాడిదే" అంది చివరికి.

"మీకెలా తెలుసు?"

"వాడి చేతికిచ్చేముందు గుడ్డ తొలగించి చూశాను. నీకు చెప్పలేదు. మావాడు పుట్టినప్పుడు అచ్చం అలాగే ఉండేది, చివర కాస్త బండగా."

"ఆడపిల్లకు బండముక్కేంటత్తయ్యా! మీరు సరిగ్గా చూసుండరు."

"సరిగ్గానే చూశాను. మా ఇంట్లో అందరిదీ అదే ముక్కు. నీకు నచ్చకపోతే నేనేం చెయ్యను?"

"మరి గడ్డం?"

"గడ్డం చూడలేదే. కళ్ళనిండా నీళ్ళాయె" అంది అత్తగారు.

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆ బిడ్డకు గొట్టాలు తీసి, ఒళ్ళు తుడిచి, గుడ్డలో చుట్టింది నేను. ఆ మొహాన్ని తీరిగ్గా, మంచి వెలుతురులో చూసినదాన్ని నేనొక్కదాన్నే. అలాంటివి మేం బయట చెప్పుకోం. ఇంటికి కూడా మోసుకెళ్ళం, మోసుకెళ్తే మర్నాడు పనిలోకి రాలేం. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను.

"జుట్టు ఒత్తుగా ఉంది, నుదుటి మీద పడేంత" అన్నాను. "చెవులు చిన్నవి. ఎడమ చెవి అంచు కొంచెం మడతపడి ఉంది."

"మా అమ్మ చెవి" అంది ఆ అమ్మాయి.

"ముక్కు మీ అత్తగారు చెప్పినట్టే. బండముక్కే."

"చూశావా" అంది అత్తగారు, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

"గడ్డం మధ్యలో చిన్న సొట్ట."

ఆ అమ్మాయి చెయ్యి తన గడ్డం మీదికి వెళ్ళింది. వేలు సొట్టలో ఆగింది. అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళూ తెర వెనక అణిచిపెట్టుకున్నదంతా ఆ బస్సు గొంతుతో బయటికి ఏడ్చింది. అత్తగారు ఆమె తల పొట్టకు అదుముకుని తనూ ఏడ్చింది. ఊరుకో అనలేదు. ఏడుపు మధ్యలోనే ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "ఇంకా చెప్పండి సిస్టర్ గారూ" అంది. చేతివేళ్ళ గురించి చెప్పాను. అరికాళ్ళ గురించి చెప్పాను. పిన్ని నిండిన సీసాకు మూత పెట్టి, ఇంకో సీసా తగిలించింది.